పార్సిల్లో ఏముంది బాబాయ్?

జగ్గయ్యపేటలో గానీ నందిగామలో గానీ పార్సిల్ ఆఫీసుకెళ్తే గోడమీద తీసుకోని సరుకుల పట్టిక ఒకటి కనిపిస్తుంది. తుపాకులు, తుపాకి విడిభాగాలు, తూటాలు, తుపాకిలా కనిపించే ఆటబొమ్మలు, పేలుడు సామాన్లు, మద్యం, నగదు, బంగారం, బతికున్న జంతువులు, చనిపోయిన మనుషులు. బతికున్న జంతువుకీ చనిపోయిన మనిషికీ మధ్యలో ఎక్కడో ఉన్న మనబోటివాళ్ళం ఆవకాయ డబ్బాలు పట్టుకుని ఆ పట్టిక కింద లైన్లో నిలబడతాం.

ఈ పట్టికలో 'విడిభాగాలు' అన్న ముక్క రాసిన మహానుభావుడికి దణ్ణం పెట్టాలి. తుపాకి తెస్తే ఎవరైనా పోల్చుకుంటారు. విడిభాగమంటే ఒక గొట్టం, ఒక స్ప్రింగు, రెండు పిన్నులు. డిగ్రీ పూర్తిచేసి పార్సిళ్ళు తూకం వేసుకుంటున్న కుర్రాడు వాటిలో ఏది బోరుమోటారుదో, ఏది రివాల్వరుదో తేల్చాలి. తేలుస్తాడు కూడా. ఎలాగంటే, మిర్చికి మందు కొట్టే స్ప్రేయరు పట్టుకుని ఓ పెద్దాయన వచ్చాడనుకోండి.

"పార్సిల్లో ఏముంది బాబాయ్?"

"గన్నురా అబ్బాయ్. ట్రిగ్గరు పట్టేసింది. కంపెనీకి పంపాలి."

"అయ్యో, ఆ మాట అనకండి. సిస్టం తీసుకోదు."

"మరేమనమంటావ్?"

"మీరేం అనొద్దు. మెషినరీ స్పేర్స్ అని నేనే రాస్తా. ఇక్కడ సంతకం పెట్టండి చాలు."

పెద్దాయన పెట్టాడు. అసలైన రివాల్వరు గొట్టం పంపాలనుకునే ఘనుడు కూడా ఆ గడిలో రాసేది మెషినరీ స్పేర్సనే. కాకపోతే అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు.

కంపెనీవాళ్ళని ఒక్కళ్ళనే అని లాభం లేదు. 1959 ఆయుధాల చట్టం రెండో సెక్షను ప్రకారం ఆయుధమంటే దాని భాగాలు కూడా, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా. పన్నెండో సెక్షను ప్రకారం కేంద్రం ప్రకటించిన రకం ఆయుధాలను లైసెన్సు లేకుండా రవాణా చేయడానికి వీల్లేదు. అదే చట్టం లాఠీని, మామూలు చేతికర్రని ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. ఇంటివాడకానికీ, వ్యవసాయానికీ పనికొచ్చేవి కదా అని. గట్టు తగాదాల్లో తలలు దేనితో పగులుతాయో ఢిల్లీలో ఆ సెక్షను రాసినవాళ్ళకి చెప్పడానికి అప్పట్లో మన మెట్టప్రాంతం నుంచి ఎవరూ వెళ్ళినట్టు లేదు.

ఇంతకీ మన రోడ్డుమీద ఆగేదేమిటి? తెలంగాణ సరిహద్దులో ఉన్న గరికపాడు చెక్‌పోస్టు కొన్నేళ్ళపాటు సీసాల కోసమే బతికింది. తెలంగాణ నుంచి మూడు సీసాలు తెచ్చుకోవచ్చని 2020లో హైకోర్టు అంటే, పర్మిట్ ఉంటేనే అని ప్రభుత్వం అంది. ఆ రోజుల్లో కారు డిక్కీలో ఫిరంగి పెట్టుకొచ్చినా, పక్కన క్వార్టరు సీసా లేకపోతే దాటించేసేవారేమో! 2024 మేలో, పోలింగు నాలుగు రోజుల్లో ఉందనగా, అదే చెక్‌పోస్టు దగ్గర పైపుల లారీ ఆపితే 8 కోట్ల రూపాయలకు పైగా నోట్లు బయటపడ్డాయి. పట్టికలో నగదు ఉంది, పైపులు లేవు. కాబట్టి అది పైపుల లారీయే.

ఆ సరిహద్దుకి కొంచెం చరిత్ర ఉంది. 1948 దాకా నిజాంకీ మనకీ మధ్య గీత. 1956 నవంబరు 1న చెరిగింది. 2014 జూన్ 2న మళ్ళీ గీశారు. గీత ఉన్నన్నాళ్ళూ నాకాలున్నాయి, నాకాల్లో మూటలు విప్పేవాళ్ళున్నారు. సుంకం వసూలుచేసే నిజాం కరోడ్‌గిరీ వాళ్ళు అవతల, మనవాళ్ళు ఇవతల. 1948లో హైదరాబాదుకి సరుకులు బిగబట్టినప్పుడు, మందులు రావట్లేదు, పెట్రోలు రావట్లేదు, చివరికి తాగేనీళ్ళలో కలిపే క్లోరిన్ కూడా రావట్లేదని నిజాం ప్రభుత్వం గోలపెట్టింది. బెజవాడ రోడ్డుమీద డబ్బా డబ్బాకీ సోదా జరుగుతున్న ఆ రోజుల్లోనే సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ రాత్రిపూట కరాచీలో విమానాలకి తుపాకులెత్తించి నిజాం రాజ్యంలో దింపిపోయేవాడు. ఆయన సర్వీసుకి నిషేధిత వస్తువుల పట్టిక లేదు, కస్టమరు చేత సంతకం పెట్టించుకునే గడి లేదు. డెలివరీ మాత్రం పక్కాగా ఉండేదట. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. అయిదు రోజుల్లో కథ ముగిసింది. కాటన్‌గారికి తర్వాత ఇంగ్లండులో పడింది రెండొందల పౌన్ల జరిమానా. ఇప్పుడు ఓవర్‌లోడు ఇసుక లారీవాడిని అడిగితే, ఆ లెక్కన కాటన్‌గారిది మామూళ్ళ కింద కూడా రాదంటాడు.

అమెరికా సంగతి ఎత్తకపోతే మనూళ్ళో వ్యాసం పూర్తికాదు. మన పిల్లలు సగంమంది అక్కడే. అమ్మ పంపిన గోంగూర పచ్చడి డబ్బాని నాలుగుచోట్ల ఎక్స్‌రే తీసి, ఒక్కోసారి మూత తీసి వాసన కూడా చూసి పంపే దేశం అది. అక్కడి ప్రభుత్వ పోస్టాఫీసులో విస్కీ సీసా పోస్టు చేయకూడదు. బీరు కూడా కూడదు. తూటాలు తీసేసిన రైఫిలు మాత్రం నిబంధనల ప్రకారం లైసెన్సున్న డీలరు పేర పోస్టు చేయొచ్చు! పిస్తోళ్ళు మామూలు జనం పోస్టులో పంపకూడదని 1927లో చట్టం చేశారు. అప్పుడు ప్రైవేటు పార్సిల్ కంపెనీల జోలికి ఆ చట్టం పోలేదు. కాబట్టి సరుకు కౌంటరు మారింది, అంతే.

ఆ ప్రైవేటువాళ్ళలో యూపీఎస్ పెద్దది. పిస్తోళ్ళని మామూలు వ్యానుల్లో తీసుకోమని, మర్నాటికల్లా చేరే విమాన సర్వీసులోనే పంపాలని 1999లో షరతు పెట్టింది. దేశభద్రత కోసమో, శాంతికాముకత వల్లో అనుకునేరు. దారిలో పార్సిళ్ళు మాయమవుతున్నాయి, మాయం చేస్తున్నది సొంత ఉద్యోగులే. సరుకు గోడౌన్లో ఎంత తక్కువసేపుంటే అంత మంచిదని ఖరీదైన టికెట్టు కొనిపించారు. దొంగ ఇంట్లోవాడైతే బిల్లు కస్టమరుకి పంపాలన్న తెలివి మన పార్సిల్ ఆఫీసులకి ఇంకా రాలేదు.

విడిభాగాల విద్యలో కూడా వాళ్ళే మనకన్నా ముందున్నారు. తుపాకి చట్రాన్ని కొంచెం పని మిగిల్చి పెట్టెలో పెడితే అది తుపాకి కాదు, చట్రమూ కాదు, లోహపు ముక్క. నంబరుండదు. కొన్నవాడి పూర్వాపరాలు అడగక్కర్లేదు. ఇంట్లో డ్రిల్లుతో రెండు కన్నాలు వేసుకుంటే మాత్రం పేలుతుంది. 2022లో అక్కడి ప్రభుత్వం తేరుకుని ఇలాంటి కిట్లు కూడా తుపాకుల కిందికే వస్తాయంది. ఔనని అక్కడి సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా తేల్చింది. ఆ ఇద్దరినీ మన పార్సిల్ ఆఫీసులో కూర్చోబెడితే బుకింగులు పెరుగుతాయి.

మనకి డ్రిల్లు కూడా అక్కర్లేదు. కోతుల్ని బెదరగొట్టడానికి చేలల్లో వాడే పైపు తుపాకి చూసే ఉంటారు. పీవీసీ పైపు, కార్బైడు ముక్క, కాసిని నీళ్ళు, గ్యాసుపొయ్యి లైటరు. 2025 దీపావళికి దాన్నే మధ్యప్రదేశ్‌లో పిల్లలకి ఆటవస్తువుగా అమ్మారు. పేలలేదేమిటా అని గొట్టంలోకి తొంగిచూసిన పిల్లల కళ్ళు పోయాయి. ఒక్క భోపాల్లోనే వందమందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. ఆ తర్వాత నిషేధించారు. అదే కార్బైడుతో మామిడికాయలు మగ్గబెట్టకూడదని మాత్రం ఎప్పటినుంచో నిషేధం ఉంది. మనకి మామిడిపండు మీద ఉన్న శ్రద్ధ అలాంటిది.

నిషేధించింది తుపాకిని. పైపు ప్లంబింగు సామాను, కార్బైడు వెల్డింగు సామాను, లైటరు వంటింటి సామాను. మూడూ మూడు పార్సిళ్ళలో వస్తాయి. తుపాకి లేదని మూడు గళ్ళలో మూడు సంతకాలుంటాయి, మూడూ నిజమే.