పీజీ సెక్షన్ సార్

నర్సింగ్ కాలేజీలో ప్రిన్సిపాల్ మేడమ్ ఉంటారు, హెచ్‌ఓడీలుంటారు, గైడ్లుంటారు. అయినా ఎమ్మెస్సీలో చేరిన అమ్మాయికి మొదటి వారంలోనే ఎవరో సీనియర్ చెవిలో వేస్తుంది: "ఏదైనా సరే, ముందు సెక్షన్ సార్‌ని అడుగు."

ఆఫీసులో పీజీ ఫైళ్ళు చూసే ఈ సార్ చదివింది బీకాం. కానీ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూల్సు ఆయనకు కొట్టిన పిండి. ఎదుట నిలబడేవాళ్ళేమో నిన్నగాక మొన్న ఇంటర్ గట్టెక్కిన పిల్లలు కారు. బీఎస్సీ అయ్యాక కనీసం ఏడాది డ్యూటీలు చేసి వచ్చినవాళ్ళు. అర్ధరాత్రి ఐసీయూలో పేషెంటు గుండె ఆగితే చెయ్యి వణక్కుండా సీపీఆర్ చేసినవాళ్ళు. ఆ చేతులే సార్ కిటికీ ముందు చున్నీ కొంగు మెలిపెడుతూ ఉంటాయి.

"సార్... బోనఫైడ్..."

సార్ తలెత్తరు. "ఆధార్ జిరాక్సు ఏదమ్మా?"

ఉన్నవి ఐదు బ్రాంచీలు. కౌన్సెలింగ్ రోజున వాటి మీద సార్ సలహా ఉచితం. మెడికల్ సర్జికల్ ఎవరికైనా సరిపోతుంది, పోస్టులెక్కువ. కమ్యూనిటీ అయితే ఊళ్ళు తిరగాలి, ఎండ పడనివాళ్ళు తీసుకోకూడదు. పిల్లల నర్సింగ్‌కి ఓపిక కావాలి, పిల్లలతో కాదు, వాళ్ళ అమ్మమ్మలతో. కాన్పులు చూసే ఓబీజీ తీసుకుంటే పెళ్ళి వాయిదా వేసుకోవాలి. సైకియాట్రీ గురించి అడిగితే మాత్రం ఒక్క క్షణం ఆఫీసంతా కలయజూసి, "మంచిదేనమ్మా, ఎక్కడైనా పనికొస్తుంది" అంటారు.

అసలు ప్రతిభ థీసిస్ టైటిల్ దగ్గర బయటపడుతుంది. ఏళ్ళ తరబడి సినాప్సిస్‌లు ఫార్వర్డ్ చేసి చేసి, టైటిల్ పొడవు చూసి అది పాసవుతుందో లేదో చెప్పేస్తారు. "ఏ స్టడీ టు అసెస్ ది ఎఫెక్టివ్‌నెస్ ఆఫ్ స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ఆన్ నాలెడ్జ్ రిగార్డింగ్..." అని మొదలై, "సెలెక్టెడ్ హాస్పిటల్స్" మీదుగా ఊరి పేరు దాకా నాలుగు లైన్లు సాగితే తల పంకిస్తారు. ఒక్క లైనులో అయిపోతే అనుమానంగా చూసి, "ఇంతేనా?" అంటారు. ప్రీటెస్టు, మధ్యలో పాఠం, వారానికి పోస్టుటెస్టు, అరవై మంది శాంపిలు. అరవై దాటితే లెక్కలు కట్టిపెట్టేవాడు రేటు పెంచుతాడని ఆయన భయం.

ఒకమ్మాయి తెగించి నైట్ డ్యూటీ నర్సుల నిద్ర మీద చేస్తానంది.

"డేటా రాదమ్మా."

"ఎందుకు రాదు సార్?"

"నైట్ డ్యూటీలో నిద్రపోయావా అంటే ఎవరు నిజం చెబుతారు?"

గైడ్ గారికి తట్టని మెథడాలజీ లోపం అది.

మొదటి ఏడాది తొమ్మిదో నెల ఆఖరుకి ప్రపోజల్, రెండో ఏడాది తొమ్మిదో నెల ఆఖరుకి థీసిస్. ఈ గడువు చెప్పినప్పుడల్లా, "తొమ్మిదో నెల అంటే ఏంటో మీకు నేను చెప్పాలా!" అని తనే నవ్వుకుంటారు. ప్రతి బ్యాచికీ ఇదే జోకు. ప్రతి బ్యాచీ నవ్వుతుంది, హాల్ టికెట్లు ఆయన దగ్గరుంటాయి కదా.

వాళ్ళలో ఒకామె నిజంగానే తొమ్మిదో నెల మోసి, చంటిబిడ్డను తల్లి చేతికిచ్చి కిటికీ దగ్గరకొచ్చింది. ప్రాక్టికల్స్‌లో హాజరు నూటికి నూరూ ఉండాల్సిందేనని, ఈ ఏడాది పరీక్ష మర్చిపొమ్మని డిపార్టుమెంటులో చెప్పారట. సార్ రిజిస్టరు తెరిచి వేళ్ళ కణుపుల మీద రోజులు లెక్కపెట్టారు. ఆ తర్వాత రూల్సు పుస్తకంలో, ఎప్పుడో ఎర్ర పెన్నుతో గీసుకున్న చోట వేలు పెట్టారు. పరీక్షకు కూర్చోడానికి ఎనభై శాతం చాలు. ఆ నూరు శాతం డిగ్రీ చేతికొచ్చే లోపు. "నీకు ఎనభై రెండుంది. ముందు పరీక్ష రాయి తల్లీ. మిగిలిన పోస్టింగు తర్వాత చేద్దువుగాని. పాలిచ్చే టైముకి ఇంటికెళ్ళు." ఆ పేజీ కాలేజీలో ప్రతి టేబుల్ మీదా ఉంది. రెండో వాక్యం దాకా చదివింది మాత్రం ఆయనొక్కరే.

ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే సార్ ఇబ్బందిపడి సొరుగు లాగారు. అందులో విజయవాడ హెల్త్ యూనివర్సిటీకి అచ్చేయించిన కవర్లు రెండు కట్టలున్నాయి. 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరే వచ్చింది. 2022లో పాత కవర్లు పారేయమంటే ఆయన పారేయలేదు. ఇప్పుడు రెండో కట్టా పారేయడం లేదు.

కోర్సు అయ్యాక నో డ్యూస్ కాగితం మీద లైబ్రరీ, హాస్టలు, ల్యాబు సంతకాలన్నీ పెట్టించుకుని, స్వీటు డబ్బాతో వస్తారు అమ్మాయిలు. సార్ ఒక్క ముక్క నోట్లో వేసుకుని, షుగరుందని గుర్తొచ్చి, ఇంకోటి తీసుకుంటారు. ఒరిజినల్స్ లెక్కపెట్టి ఇస్తూ, తర్వాత ఏంటమ్మా అంటారు. పీహెచ్‌డీ ఆలోచనుంది సార్, బెంగళూరు కన్సార్షియం, అంది మొన్నొకామె.

"బెంగళూరా! అక్కడ సెక్షన్ ఎవరు చూస్తారో?" అని కాసేపు దిగులుపడి, "సరే, ఎందుకైనా మంచిది, అన్నీ రెండేసి జిరాక్సులు తీయించుకుని వెళ్ళు" అన్నారు.