ఫ్రీ అంటే ఎంతవుతుంది?

చెరుకుపల్లి సెంటర్లో ఒక టీ తాగేలోపు ‘ఫ్రీ’ అన్న మాట పదిసార్లు చెవిన పడుతుంది. “బాబాయ్, సాయంత్రం ఫ్రీయేనా?” అంటాడొకడు. “రెండ్రోజుల్నుంచి మోషన్ ఫ్రీగా లేదయ్యా” అని మందుల షాపు ముందు ఒక పెద్దాయన ఊరంతా వినేలా మొరపెట్టుకుంటాడు. బట్టల కొట్లో ఫ్రీ సైజు నైటీ అంటే ఎవరికీ సరిపోనిదని అర్థం. బడి పిల్లాడికి ఫ్రీ పీరియడ్ అంటే సారు రాలేదని. సైకిలు షాపులో ఫ్రీవీల్ పోయిందంటే ఎంత తొక్కినా బండి కదలదని. “ఫ్రీగా ఉండండి అల్లుడుగారూ” అని అత్తగారు అనగానే అల్లుడు బిగుసుకుపోతాడు.

వీటిలో దేనితోనూ నాకు పేచీ లేదు. అన్నీ నిజాయతీ గల అర్థాలు. నా గొడవల్లా ‘డబ్బు కట్టనక్కర్లేదు’ అనే అర్థంతోనే. ఫ్లెక్సీల మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండేది అదే, వెతికినా దొరకనిదీ అదే.

ఇసుక సంగతి చూడండి. 2024 జూలై 8 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక ఫ్రీ. తవ్వినందుకు, లోడు ఎత్తినందుకు, లారీ తోలినందుకు మాత్రం కట్టాలి. ఆ అక్టోబరులో సర్కారుకు కట్టే సీనరేజీ కూడా ఎత్తేశారు, కాదనను. కానీ కృష్ణమ్మ ఏనాడు బిల్లు వేసింది గనక? ఏట్లో ఉన్నంతసేపూ ఇసుక ఎప్పుడూ ఫ్రీయే. అది మన గుమ్మం ముందుకు రావడానికే కదా జనం డబ్బిచ్చేది! ఈ లెక్కన బంగారం కూడా ఫ్రీయే, గనిలోకి దిగి తెచ్చుకుంటే.

గ్యాసు ఇంకా ముచ్చటైన కథ. 2024 నవంబరు 1న మొదలైన దీపం-2లో ఏడాదికి మూడు సిలిండర్లు ఫ్రీ అన్నారు. ఇల్లాలు ముందు బండ ధర పూర్తిగా కట్టాలి, 48 గంటల్లో ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుందన్నారు. దీన్ని మా వైపు చేబదులు అంటారు. ఇచ్చేది ఇల్లాలు, పుచ్చుకునేది సర్కారు. మళ్లీ దండలు మాత్రం సర్కారుకే.

ఈ తంతు కొత్తదేం కాదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇంజినీరింగు సీట్లను ఫ్రీ సీట్లని, పేమెంటు సీట్లని విడగొట్టారు. తెనాలిలోనైనా రేపల్లెలోనైనా “కుర్రాడిది ఫ్రీ సీటేనండీ” అంటే సంబంధం ఒక మెట్టు పైకెక్కేది. తమాషా ఏమిటంటే ఫ్రీ సీటుకూ ఫీజుండేది! పేమెంటు సీటు కంటే తక్కువ, అంతే. 2002లో సుప్రీంకోర్టే ఆ పద్ధతిని పక్కన పెట్టింది. పద్ధతి పోయినా కిటుకు మిగిలింది: పక్కన ఇంకో పెద్ద అంకె చూపిస్తే చాలు, చిన్న అంకె ఫ్రీ అయిపోతుంది. ఆషాఢం సేల్స్‌లో జరిగేదీ ఇదే.

భూముల దగ్గర మాత్రం ఈ మాట పొరపాటున నిజం చెప్పేసింది. 2023లో చట్టం సవరించి, పేదలకిచ్చి ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములను అమ్ముకునేలా ఫ్రీహోల్డ్ చేస్తామన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. ముందు ఫ్రీ, వెనక హోల్డ్. పేరులోనే ఉంది కదా, మనమే సగం చదివి సంబరపడ్డాం.

ఇక బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకు ఫ్రీ. ఇది మంచి పనే. రేపల్లె ఆసుపత్రికి వెళ్లే ముసలమ్మ చేతిలో ఉన్నది నిజంగానే సున్నా టికెట్టు. అయితే “ఈ ఫ్రీలతో రాష్ట్రం దివాలా తీస్తుందండీ” అని అదే సెంటర్లో నిట్టూర్చే పెద్దమనుషుల్ని చూస్తే నాకు నవ్వాగదు. అబ్బాయి అమెరికా నుంచి తెచ్చిన డ్యూటీ ఫ్రీ సీసా వాళ్ల బీరువాలో ఉంటుంది. అది ఫ్రీ కిందకు రాదు, హోదా కిందకు వస్తుంది. ముసలమ్మ సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా పన్ను కడుతూనే ఉంది. ఆమె టికెట్టు డబ్బు ఆర్టీసీకి ఆమె తరఫున సర్కారు ఇస్తోంది, ఆమెలాంటి వాళ్లు కట్టిన దాంట్లోంచే. తన డబ్బుతో తాను బస్సెక్కినామెను దానం పట్టిన మనిషిలా చూడటం ఏం న్యాయం?

కాబట్టి ఫ్లెక్సీలు కట్టించే నాయకులకు ఒక మనవి. పథకాలు ఇవ్వండి, మానొద్దు. ‘ఫ్రీ’ అని రాసిన చోట కింద ‘డబ్బు మీదే’ అని చిన్న అక్షరాల్లోనైనా వేయించండి. ఆ రెండు మాటలకు అదనంగా ఎంతవుతుందో చెప్తే, అదీ మేమే కట్టేస్తాం.