ఈఐ, ఆ వెంటనే హాల్ట్

మా రోజుల్లో 8085 మైక్రోప్రాసెసర్ కిట్ మీద ప్రోగ్రాం చివర 76 కొట్టకుండా ఏ పిల్లవాడినీ ల్యాబ్ దాటనిచ్చేవాణ్ణి కాదు. 76 అంటే హాల్ట్. ఇంటరప్టో రీసెట్టో వచ్చేదాకా ప్రాసెసర్ అక్కడే ఆగుతుంది.

మొన్న మే నెలలో మనుమడు హైదరాబాద్ నుంచి ఆసిఫాబాద్ వచ్చాడు. కాలేజీ ప్రాజెక్టుకని 8085 సిమ్యులేటర్ రాస్తున్నాడు. బయట ఎండ మండిపోతున్నది, లోపల వాడి లాప్‌టాప్ ఫ్యాను రొద.

"ఏం నడుస్తున్నది బిడ్డా?"

"ఏం నడుస్తలేదు తాతా. ప్రాసెసర్ హాల్ట్‌ల ఉన్నది."

కోడ్ చూస్తే కడుపు మండింది. లేచిందా, లేచిందా అని ఆపకుండా అడిగే లూప్! సిమ్యులేటర్‌లోని ప్రాసెసర్ పడుకుంటే, దాన్ని మోస్తున్న అసలు ప్రాసెసర్‌కు క్షణం తీరిక లేదు. తర్వాతి టైమరు ఎప్పుడు మోగుతుందో సిమ్యులేటర్‌కు ముందే తెలుసు. లోపలి గడియారాన్ని నేరుగా అక్కడికి జరపవచ్చు. నిజ సమయంతో నడవాలంటే అంతసేపు తానూ నిద్రపోవచ్చు. క్యూఎము అనే ఎమ్యులేటర్‌లో లోపలి ప్రాసెసర్ హాల్ట్ అయితే, దాన్ని నడిపే థ్రెడ్ ఇంటరప్ట్ వచ్చేదాకా పడుకుంటుంది.

మా కాలం వాళ్లందరూ సుద్దపూసలని నేననను. విండోస్ 95 కూడా పనిలేనప్పుడు హాల్ట్ చేయకుండా ప్రాసెసర్‌ను తిప్పుతూనే ఉండేది.

ఫ్యాను సంగతి అరగంటలో సర్దుకున్నాడు. నా అసలు బాధ ఇంకొకటి. 8085లో ఇంటరప్టులను అనుమతించే ఆదేశం ఈఐ, దాని కోడ్ ఎఫ్‌బి. ఈఐ ఇస్తే ఇంటరప్టులకు తలుపు వెంటనే తెరుచుకోదు, దాని తర్వాతి ఆదేశం పూర్తయ్యాకే తెరుచుకుంటుంది. అందుకే ఎఫ్‌బి, 76 పక్కపక్కనే కొట్టించేవాణ్ణి. ఆ రెంటి నడుమ ఈఐ అదుపులో ఉండే ఏ ఇంటరప్టూ దూరలేదు. మనుమడి సిమ్యులేటర్ తలుపును ఈఐ దగ్గరే తీసేస్తున్నది. కాచుకుని ఉన్న ఇంటరప్ట్ అక్కడే దూరి, పని ముగించుకుని వెళ్లిపోతుంది. ఆ తర్వాత ప్రాసెసర్ హాల్ట్‌లోకి పోతే, ఇంకో ఇంటరప్ట్ లేనప్పుడు లేపే దిక్కుండదు. ఇంటెల్ 8086లోనూ తలుపు తీసే ఆదేశం ఎఫ్‌బియే, దానికీ ఇదే ఆలస్యం. ఇంత జాగ్రత్తగా కట్టిన సంగతిని ఇప్పుడు తరగతిలో ఒక్క వాక్యంలో దాటేస్తున్నారు. నేను దీనికి పూర్తిగా ఒక గంట కేటాయించేవాణ్ణి, నల్లబల్ల మీద ఒక్కొక్క టీ-స్టేట్ గీసి చూపించేవాణ్ణి.

సరిగ్గా ఆ రెండు ఆదేశాల నడుమ ఇంటరప్ట్‌ను వదిలే పరీక్ష ఒకటి రాయమన్నాను. "ఇప్పుడెందుకు తాతా, మంచిగనే నడుస్తున్నది గద" అన్నాడు. రాసేదాకా లాప్‌టాప్ మూయనివ్వలేదు. పదకొండోసారి నడిపినప్పుడు కూడా ప్రోగ్రాం హాల్ట్ దగ్గరే నిలిచిపోయింది. అప్పుడు వాడు నా పాత ఆదేశాల పుస్తకం అడిగి తీసుకుని, ఈఐ ఉన్న పేజీ తెరిచాడు.