పారబోసిన మడ్డి

ఆలుగడ్డ ఎలా ఊరుతుందన్నదే నా పరిశోధన. జహీరాబాద్ వైపు పొలాల నుంచి మొక్కలు తెచ్చి, భూమిలో పాకే స్టోలన్ల కొసల్ని ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి నూరేవాణ్ణి. బఫర్ కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక, పైన తేరిన ద్రవంలో ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ ఎంత చురుగ్గా ఉందో కొలిచేవాణ్ణి. అడుగున మిగిలిన మడ్డిని పారబోసేవాణ్ణి. నేను వెతుకుతున్నది ఆ మడ్డిలోనే ఉండేది.

ఇన్వర్టేజ్ ఒకటి రిక్తికలో ఉంటుంది, ఇంకొకటి కణం వెలుపల కణకవచాన్ని పట్టుకుని ఉంటుంది. ఈ రెండోది మామూలు బఫర్‌కు ఊడదు, గాఢమైన ఉప్పు ద్రావణంతో కడిగితేనే వదులుతుంది. ఈ సంగతి పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, బల్ల దగ్గర మాత్రం తట్టలేదు. సాగే స్టోలన్‌లోనూ ఊరే దుంపలోనూ ఇన్వర్టేజ్ తేడా పెద్దగా లేదని ధైర్యంగా తేల్చేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నిజానికి ఆ కొసలో జరిగేది ఎంత అందమైన మార్పు! స్టోలన్ సాగుతున్నంత కాలం ఆకుల నుంచి వచ్చిన సుక్రోజ్ కణాల వెలుపలికి దిగుతుంది, అక్కడ కణకవచపు ఇన్వర్టేజ్ దాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. కొస ఉబ్బడం మొదలవగానే దారి మారుతుంది. సుక్రోజ్ కణం నుంచి కణానికి సన్నని సందుల గుండా నేరుగా లోపలికే వెళ్తుంది. స్కాట్లాండ్ శాస్త్రవేత్తలు 2001లో మెరిసే రంగును మొక్కలోకి పంపి ఈ మలుపును కళ్లారా చూపించారు. ఇక దాన్ని విడగొట్టే పని కణద్రవ్యంలోని సుక్రోజ్ సింథేజ్ అనే ఎంజైమ్‌ది. అక్కడి నుంచి గ్లూకోజ్ ఫాస్ఫేట్ రూపంలో, పిండిని నిల్వ చేసే అమైలోప్లాస్ట్‌లోకి చేరి పిండిపదార్థమవుతుంది. పిండి తయారీకి పగ్గం పట్టే ఏజీపేజ్ ఎంజైమ్ ఆలుగడ్డలో అమైలోప్లాస్ట్ లోపల ఉంటే, మొక్కజొన్న గింజలో ఎక్కువ భాగం దాని బయటే ఉంటుంది.

1997లో జర్మనీలో చేసిన ప్రయోగం చదివినప్పుడు నా తప్పు ఎంతటిదో తెలిసింది. ఈస్ట్ ఇన్వర్టేజ్‌నే దుంపలో రెండు రకాలుగా పెట్టి చూశారు. కణం వెలుపల పెడితే దుంపలు పెద్దవై, సంఖ్య తగ్గింది. కణద్రవ్యంలో పెడితే చిన్నవై, సంఖ్య పెరిగింది. ఎంజైమ్ అదే, మారింది చోటు ఒక్కటే. నేనేమో అన్ని చోట్లనూ కలిపి నూరి, ఒక్క అంకె రాసుకున్నాను.

ఇప్పుడు నా విద్యార్థుల చేత ముందు మడ్డినే కడిగించి కొలిపిస్తాను.