ఆఫీసు మెయిల్‌తో తెరిచిన ఖాతాలు

నేను తెరిచిన ఖాతాలన్నీ నావేననుకున్నాను. నా తెలివితక్కువతనమంతా ఆ నమ్మకంలోనే ఉంది.

చాలా కొత్త యాప్‌లు తెరవగానే రెండు దారులు చూపిస్తాయి. ఈమెయిలూ పాస్‌వర్డూ ఇచ్చి ఖాతా తెరవచ్చు, లేదా గూగుల్ బటన్ నొక్కి లోపలికి పోవచ్చు. నేనెప్పుడూ బటనే నొక్కాను. అది చెడ్డ దారేం కాదు. మన పాస్‌వర్డ్ ఆ యాప్‌కు చేరదు. ఈ మనిషి ఫలానా అని గూగుల్ ఒక టోకెన్ ఇస్తుంది, యాప్ దాన్ని నమ్ముతుంది. అన్నిచోట్లా ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకోవడం కన్నా ఇదే క్షేమం. కాకపోతే భారమంతా ఒక్క ఖాతా మీదే పడుతుంది. 2018 సెప్టెంబరులో ఫేస్‌బుక్‌లో సుమారు 3 కోట్ల మంది టోకెన్లు దొంగల పాలైనప్పుడు, ఫేస్‌బుక్ బటన్‌తో తెరిచిన వేరే యాప్‌ల సంగతేమిటని జనం భయపడింది అందుకే.

నా బటన్ వెనక ఉన్నది నా జీమెయిల్ కాదు, కంపెనీ ఇచ్చిన మెయిల్. రోజంతా బ్రౌజర్‌లో అదే తెరిచి ఉండేది. నోట్సు యాప్ కూడా దాంతోనే తెరిచాను. అమ్మ చెబుతుంటే రాసుకున్న ఆవకాయ కొలతలు, తాతయ్యల తద్దినాల తిథులు, ఎవరు ఎవరికి ఏమవుతారో ఆ వరసలు, అన్నీ అందులోనే. ఇప్పుడు అడుగుదామంటే అమ్మ లేదు.

ఉద్యోగం మానేసిన సాయంత్రమే మెయిల్ ఆపేశారు. వాళ్ల మెయిల్, వాళ్ల హక్కు. యాప్ తెరవబోతే పాస్‌వర్డ్ మర్చిపోయారా అని అడిగింది. నేను పాస్‌వర్డంటూ పెట్టుకుంటేగా! కొత్తది పెట్టుకునే లింకు పోయేది ఆగిపోయిన ఆ మెయిల్‌కే. యాప్ వాళ్లకు రాస్తే, ఆ ఖాతా మీదేనని రుజువేమిటన్నారు. అడగాల్సిందే అడిగారు. బటన్ మానేసి ఈమెయిల్ దారిలో వెళ్లినా, ఇచ్చింది ఆఫీసు అడ్రసే అయితే గతి ఇదే అయ్యేది. ఏ దారి అని ఆలోచించాను తప్ప, ఆ అడ్రసు ఎవరిదని ఒక్కసారైనా ఆలోచించలేదు.

అలాగని సొంత మెయిల్ ఉంటే చాలదు, వాడుతూ ఉండాలి. రెండేళ్లపాటు ముట్టని సొంత ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగించడం మొదలుపెట్టింది.

ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నవాళ్లు రాజీనామా ఇవ్వకముందే ఆఫీసు మెయిల్ గూగుల్ ఖాతా సెట్టింగుల్లోకి వెళ్లండి. గూగుల్ బటన్‌తో తెరిచిన యాప్‌ల జాబితా అక్కడ ఉంటుంది. ఒక్కోదానిలో సొంత మెయిల్ పెట్టి, పాస్‌వర్డ్ కూడా ఏర్పాటు చేసుకోండి. అమ్మానాన్నల మాటలు ఏమైనా దాచుకుని ఉంటే ముందు వాటిని బయటికి తీసుకోండి.