రెండు గ్రూపుల వైద్యుడు

మీ దగ్గర దాపరికమెందుకు, ఆ రోజుల్లో మీరూ ఏదో ఒకటి మింగే ఉంటారు. శొంఠి, మిరియాలు, వాము, వేపాకు... పసుపునీళ్ల ఆవిరికి మొహం కమిలిపోనివాళ్లు మన వీధుల్లో ఎవరైనా ఉంటే చెయ్యెత్తమనండి. నేను ఇంకో మెట్టు పైకెక్కాను. కరోనా కాలంలో డాక్టరైపోయాను. పట్టా ఇచ్చింది వాట్సాప్.

బళ్లారిలో బతికేవాడికి ఒక సౌకర్యం ఉంది. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, బళ్లారి మైసూరు రాష్ట్రానికి అని నేలనైతే పంచారు గానీ చుట్టాలను పంచడం ఎవరి తరమూ కాలేదు. మా అత్తగారి ఊరు ఆలూరు పక్కన. అందుచేత నా ఫోన్లో ఆలూరు చుట్టాల తెలుగు గ్రూపొకటి, మా వీధి కన్నడ గ్రూపొకటి. అటు వచ్చిన కషాయం ఇటు, ఇటు వచ్చిన చూర్ణం అటు. గుంతకల్లు జంక్షన్లో కూడా అంత సరుకు చేతులు మారి ఉండదు. ప్రతిదానికీ కింద "నేను స్వయంగా పరిశీలించాను" అని ఒక ముక్క తగిలించేవాణ్ణి. పరిశీలించింది అక్షరదోషాలను.

2020 మార్చిదాకా సరిహద్దంటే మాకు బస్సు టికెట్టు రంగు మారే చోటు, అంతే. లాక్‌డౌన్ వచ్చాక రోడ్డుకడ్డంగా బారికేడ్లు, పల్లెల మొగదల ముళ్లకంపలు. పండక్కి పోలేకపోయానని మా ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే నేను మాత్రం లోలోపల సంతోషించాను. కషాయాలు తాగేవాళ్లకు నేనే దిక్కు కదా.

ఆ జూన్‌లో తోరణగల్లు జిందాల్ ఉక్కు ఫ్యాక్టరీలో కేసులు వందలు దాటాయి. మా మిద్దె మీద అద్దెకున్న కుర్రాడు అక్కడే పని. మంచివాడు, "అన్నా" అని నోరారా పిలిచేవాడు. అతను మెట్లు దిగుతుంటే నేను తలుపు వేసుకునేవాణ్ణి. అతను ముట్టుకున్న గేటుకు శానిటైజర్ కొట్టేవాణ్ణి, అదీ అతను చూస్తుండగానే. ఇది మాత్రం నవ్వుతూ చెప్పుకునే సంగతి కాదు. నెలాఖరున మా ఊళ్లోనే, కరోనాతో పోయినవాళ్లను గుంతలోకి విసిరేస్తున్న వీడియో బయటికొచ్చి దేశమంతా చూసింది. అధికారులు క్షమాపణ చెప్పారు. ఆ రాత్రి మా వీధిలో ఒక్క ఇంట్లోనూ టీవీ నవ్వలేదు. తెల్లారగానే నేను మళ్లీ గేటు కడిగాను.

2021 ఏప్రిల్ 1 నుంచి నలభై అయిదు దాటినవాళ్లందరికీ టీకా అన్నారు. నాకు వయసుంది, తీరికుంది, ఆసుపత్రి నడిచిపోయే దూరం. అక్కడ కోవిషీల్డ్ ఉందన్నారు. నేను వేయించుకుంటానా? హైదరాబాద్ కంపెనీ, మన తెలుగువాళ్ల చేతి టీకా కోవాగ్జిన్ ఉండగా ఇంకోటెందుకని వెనక్కొచ్చేశాను. "ఏ సూదైతేనేమయ్యా, గుచ్చేది చేతికే గదా" అంది మా ఆవిడ. భాషాభిమానం లేనిదని జాలిపడ్డాను. నెల తిరిగేసరికి రెండో అల విరుచుకుపడింది. కోవాగ్జిన్ లేదు, కోవిషీల్డ్ లేదు, క్యూలు మాత్రం ఉన్నాయి.

ఆ కంగారులో వచ్చింది నిమ్మకాయ. ముక్కులో నిమ్మరసం చుక్కలు వేసుకుంటే ఆక్సిజన్ పెరుగుతుందని పెద్దమనిషొకాయన చెప్పిన మాట కన్నడ గ్రూపుల్లో ఊరేగుతోంది. పంపేముందు ఈసారి నిజంగానే పరిశీలిద్దామనుకున్నాను. తెల్లవారుజామున, అందరూ పడుకుని ఉండగా, నిమ్మచెక్క పిండి, తల వెనక్కి వాల్చి, ఇటు రెండు చుక్కలు అటు రెండు చుక్కలు వేశానో లేదో కళ్లలోంచి, చెవుల్లోంచి, నడినెత్తిలోంచి మంటలు లేచాయి, తుమ్ము, తుమ్ము మీద తుమ్ము, దగ్గు, పొలమారడం, బావురుమనడం, స్టూలు తన్నేసి స్నానాలగది వైపు పరిగెత్తడం, దారిలో బిందె దొర్లిపోవడం. బిందె చప్పుడుకి వీధి మొత్తం లేచింది.

మంట తగ్గాక ఫోన్ తీశాను. వీధి గ్రూపులో మెసేజి: "ఒక ఇంట్లో తెల్లవారుజాము నుంచి విపరీతమైన దగ్గు, అందరూ జాగ్రత్త." అయ్యో పాపం ఎవరో అనుకుని, అలవాటు ప్రకారం తెలుగులోకి మార్చి, "నేను స్వయంగా పరిశీలించాను" అని తగిలించి ఆలూరు గ్రూపులో పడేశాను. పది నిమిషాల్లో మా బావమరిది ఫోను. "బావా, ఎవరిల్లది?" నేను జవాబు వెతుక్కుంటుంటే వెనక నుంచి మా ఆవిడ అంది, "మనదే."

ఆశా కార్యకర్త వచ్చింది. ముక్కులో పుల్ల పెట్టారు, నిమ్మరసం పోసిన ముక్కులోనే. నెగటివ్ అని తేలేదాకా పాలవాడు గేటు బయటే ప్యాకెట్ విసిరి పోయాడు. ఎదురింటివాళ్లు కిటికీ మూశారు. మిద్దె మీది కుర్రాడొక్కడే "అన్నా, ఏమైనా కావాల్నా?" అని రోజూ మెట్ల మీంచి అడిగాడు. ఆ మేలో ఆసుపత్రులకు ఆక్సిజన్ పంపింది వాళ్ల ఫ్యాక్టరీయే. దాని పక్కనే తాత్కాలికంగా వెయ్యి పడకల ఆసుపత్రీ లేచింది. "అన్నా, ఆ గేటు శానిటైజర్ ఉంటే కొంచెం ఇస్తావా" అని అతనడిగాడు, నవ్వకుండానే. ఇచ్చాను. సీసాలో అడుగున కొంచెమే మిగిలింది. సింధనూరులో ఒక ఉపాధ్యాయుడు ఇలాగే ముక్కులో నిమ్మరసం వేసుకుని ప్రాణం పోగొట్టుకున్నాడన్న వార్త కూడా ఆ రోజుల్లోనే చదివాను. చదివి కాసేపు ముక్కు తడుముకుంటూ కూర్చున్నాను.

బుద్ధి వచ్చిందంటారా? మే నెలలోనే, కరోనాకు నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇస్తున్న మూలికల మందు పేరు మోగిపోయింది. వేలమంది ఎగబడ్డారు, 21న పంపిణీ ఆపించారు. ప్రభుత్వం నెలాఖరున, కంట్లో వేసే చుక్కలు కాదని కొన్ని మందులకు ఒప్పుకుంది. ఇక నేనాగుతానా? "ఎలాగైనా ఒక సీసా తెప్పించరా" అని బావమరిదిని పట్టుకున్నాను. నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం, కర్ఫ్యూ, పాసులు... వాడు కిక్కురుమనకుండా సరేనన్నాడు. కొన్నాళ్లకు కూరగాయల లారీలో సీసా వచ్చింది. నల్లగా, చిక్కగా, ఘాటుగా ఉంది. ఒక్క చెంచా వేసుకోగానే ఊపిరితిత్తులు తలుపులు తీసినట్టయిందని రెండు గ్రూపుల్లోనూ రాశాను. మిద్దె మీది కుర్రాడికి సగం ఇచ్చాను, పాత పాపం కడుక్కుందామని.

సరిహద్దు తెరిచాక అత్తగారింటికి వెళ్తే అత్తమ్మ అడిగింది, "అల్లుడూ, నేను పంపిన అల్లం మురబ్బా బాగుండిందా? మీ బావమరిది సీసా మూత మార్చి పంపినాడంట, ఎందుకో."

బావమరిది గోడవైపు తిరిగి నవ్వాపుకుంటున్నాడు. "ఇంకో సీసా పంపమంటావా బావా?"

పంపమన్నాను. నిజంగానే బాగుంది మరి.