ప్లంబర్ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం:
"గోడలో పైపు కదలదు సార్. మీ కబోర్డు జరగదు. మధ్యలో ఫ్లెక్సిబుల్ వేసేద్దాం, ఏం కాదు."

అవతారిక: గోడకు వేలాడే పాత వాష్ బేసిన్ పీకించి, ఆ చోట రెండు సొరుగుల వ్యానిటీ పెట్టించుకున్న గృహస్థుతో, ఆ వ్యానిటీలోకి నడుము దాకా దూరిన ప్లంబర్ పలికిన వాక్యమిది. అప్పుడాయన సెల్‌ఫోన్ లైటును నోట కరచుకుని ఉన్నందున కొన్ని హల్లులు వినబడలేదు. పైన ఇచ్చింది పరిష్కృత పాఠం.

ప్రతిపదార్థం: సార్ = ఓ గృహస్థుడా; గోడలో పైపు = ఇల్లు కట్టిననాడే టైల్స్ వెనక పూడ్చిన వేస్ట్ పైపు; కదలదు = కదపాలంటే టైలు పగలాలి, ఆ రంగు టైలు ఇప్పుడు బజారులో లేదు; ఫ్లెక్సిబుల్ = ఎటు వంచితే అటు వంగే ముడతల గొట్టం; వేసేద్దాం = ఉత్తమ పురుష బహువచనమే గాని ఖర్చు దగ్గర ఏకవచనం; ఏం కాదు = నేను గేటు దాటేవరకు ఏమీ కాదు.

వ్యాకరణ విశేషం: కొత్త బేసిన్ లోతు ఎక్కువ. బాటిల్ ట్రాప్ పై గొట్టాన్ని ఎంత కోసినా, ట్రాప్ మూతి గోడ రంధ్రానికి మూడంగుళాలు కుడికి, రెండంగుళాలు కిందికి తేలింది. సంధి జరగనిచోట యడాగమం వచ్చినట్టు ఇక్కడ ఎల్బో వస్తుంది. అయితే ఎల్బో నీటిని పక్కకు తిప్పుతుందే తప్ప పైకెక్కించదు. నీరు పల్లమెరుగు అన్నదే ప్రమాణం. అడుగు పొడవుకు పావంగుళం వాలు ఉంటేనే మురుగు కదులుతుంది. వాషర్ తిరగేసి బిగిస్తే ఏర్పడేది లోపసంధి. దాని ఉచ్చారణ రాత్రి రెండింటికి బకెట్‌లో స్పష్టంగా వినవచ్చు.

పూర్వపక్షం: ట్రాపే తీసేస్తే చోటు కలిసొస్తుంది కదా అని ప్లంబర్ శిష్యుడు. తగదు. ట్రాప్‌లో నిలిచే 50 మిల్లీమీటర్ల నీరే మురుగు వాసనను ఇంట్లోకి రానీయదు. 1775లో లండన్ గడియారాల పనివాడు అలెగ్జాండర్ కమింగ్ తన మరుగుదొడ్డి పేటెంటులో గొట్టాన్ని ఎస్ ఆకారంలో వంచింది ఇందుకే. ఇక ఫ్లెక్సిబుల్ మాట: దాని ముడతల్లో వెంట్రుకలు, సబ్బు మడ్డి కాపురం పెడతాయి. నడుమ జారిందంటే అక్కడ ఎవరూ అడగని రెండో ట్రాప్ పుడుతుంది.

పాఠాంతరం: మా ఆవిడ ప్రతిలో "ఏం కాదు" తర్వాత "అయితే రాసివ్వు బాబూ" అని అదనంగా ఉంది. ప్లంబర్ మౌనం వహించినందున ఈ పాఠమే గ్రాహ్యం.

తాత్పర్యం: టైలు పగిలింది. గోడలో పైపు మూతి మూడంగుళాలు కిందికి దిగింది. పక్క తేడాను ఎల్బో సర్దింది. పై సొరుగు వెనక అర్ధచంద్రాకారంలో కోత పడింది, దువ్వెన ఒక్కటి ఐమూలగా పడుతుంది. కొత్త టైలు వేరే రంగు. అది వ్యానిటీ వెనక ఉన్నందున వ్యంగ్యార్థంగా గ్రహించాలి.